మహేశ్వరికి చదవడం రాదు

నవంబర్ 14, శుక్రవారం

బాలల దినోత్సవం అయిపోయింది. చీర కొంగుకి గమ్ము అంటుకుని గట్టిపడింది. వేడినీళ్ళలో నానబెట్టాను. పోతుందన్న ఆశ లేదు.

హెడ్మాస్టర్ ప్రసాద్ గారికి ఇంకో ఐడియా వచ్చింది. ఆయనకి ఐడియా వచ్చిందంటే నాకు పని వచ్చినట్టే. ఇకమీదట ఒకటీ రెండూ తరగతుల్లో ఎవరైనా తెలుగు వాచకంలో ఒక పేజీ ఎవరి సాయమూ లేకుండా చదివితే బడి గంట కొట్టాలట. నెత్తిన అట్ట కిరీటం పెట్టాలట. ఫొటో తీసి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాలట. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం. ఆ రోజుకి అందరి నెత్తినా కిరీటం ఉండాలట. ఎంఈఓ గారిని పిలిచి పెద్ద ఫంక్షన్ చేస్తారట.

కిరీటాలు ఎవరు కత్తిరిస్తారని అడిగాను. మీకు ఆర్టు బాగా వచ్చు కదా టీచర్ అన్నారు.

మాది ఇద్దరు టీచర్ల బడి. పిడుగురాళ్ళ అవతల, సున్నం బట్టీలకి వెళ్ళే రోడ్డు మీద ఉంది. మూడు నుంచి ఐదు దాకా ఆయన క్లాసులు. ఒకటీ రెండూ నావి. కాబట్టి ఈ కిరీటాలన్నీ నా నెత్తినే.

నవంబర్ 20, గురువారం

మొదటి కిరీటం వంశీకి. గడగడా చదివేశాడు. ప్రసాద్ గారు స్వయంగా వచ్చి గంట కొట్టారు. అది ఇంటిగంట అనుకుని ఐదో తరగతి పిల్లలు సంచులు తగిలించుకుని గేటు దాకా వెళ్ళిపోయారు. వాళ్ళని వెనక్కి తెచ్చేసరికి గొంతు పోయింది. కిరీటం వంశీ తలకి పెద్దదై కళ్ళ మీదికి జారింది. ఫొటోలో మూతి ఒక్కటే కనబడుతోంది.

నవంబర్ 25, మంగళవారం

న్యాయంగా రాయాలి. ప్రసాద్ గారిది పిచ్చి కాదు. పొద్దున్నే బడి ముందు నిలబడితే ప్రైవేటు స్కూళ్ళ ఆటోలు, వ్యాన్లు వరసగా పోతుంటాయి, ఈ ఊరి పిల్లల్నే ఎక్కించుకుని. టై, బెల్టు, బూట్లు. మా బడిలో ప్రతి జూన్‌కీ నలుగురైదుగురు తగ్గుతున్నారు. ఇంకా తగ్గితే ఈ బడి ఉంటుందో లేదో. వంశీ వాళ్ళ నాన్న ఆ కిరీటం ఫొటో స్టేటస్ పెట్టుకున్నాడట. ప్రసాద్ గారు అది నాకు మూడుసార్లు చూపించారు. మూడోసారి కూడా బాగుందన్నాను.

కానీ కత్తెర పట్టి నా బొటనవేలు బొబ్బ ఎక్కింది. అది కూడా న్యాయంగానే రాస్తున్నాను.

నవంబర్ 28, శుక్రవారం

రెండో తరగతిలో మహేశ్వరి అని ఒక పిల్ల ఉంది. కిటికీ పక్కన కూర్చుంటుంది. తల్లి స్వాతి సున్నం బట్టీలో పని చేస్తుంది. తండ్రి అంకారావు క్వారీ టిప్పర్ నడుపుతాడు. బట్టీ వెనకే రెండు గదుల్లో కాపురం. పిల్లకి ఎప్పుడూ చిన్న దగ్గు. నోట్లో మాట ఆగదు. ఎవరి గేదె ఈనిందో, ఎవరి మేనత్త అలిగి వెళ్ళిందో, ఏ లారీ ఎక్కడ బోల్తా కొట్టిందో అన్నీ చెబుతుంది. లెక్కలు నోటితో చేసేస్తుంది. పుస్తకం తెరిస్తే మాత్రం గోడ.

దసరాకి ముందు అక్షరాలన్నీ గుర్తుపట్టేది. నాకు బాగా గుర్తుంది. ఇప్పుడు 'క' చూపించినా నా మొహంకేసి చూస్తుంది. రాదు టీచర్ అంటుంది. నవ్వుతూ అంటుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

డిసెంబర్ 5, శుక్రవారం

గంట తాడు తెగింది. దేవుడున్నాడు.

డిసెంబర్ 6, శనివారం

ప్రసాద్ గారు సొంత డబ్బుతో కొత్త తాడు కొన్నారు. నైలాన్‌ది. ఇక తెగదట.

డిసెంబర్ 17, బుధవారం

మధ్యాహ్నం అన్నాలు తినగానే మహేశ్వరిని పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. చింతగింజలతో అక్షరాలు పేర్చాను. ఇసకలో రాయించాను. పాట కట్టాను. నా వయసుకి తగని గంతులు కూడా వేశాను. జాన్‌బీ గిన్నెలు తోముతూ చూసి నవ్వుకుంది. బడిలో వంట ఆమెదే. ఆమె నవ్వినా బాధ లేదు. పిల్లకి వస్తే చాలు.

రాలేదు. 'అమ్మ' చూపిస్తే 'ఆవు' అంది. 'ఆవు' చూపిస్తే ఆలోచించి 'ఇల్లు' అంది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత తెలివైన పిల్లకి ఇంత రాకపోవడం చూడలేదు. కళ్ళు పరీక్ష చేయించమని స్వాతికి కబురు పెట్టాను. చేయించింది. కళ్ళు బాగున్నాయట. దూరాన వచ్చే బస్సు రంగు కూడా చెప్పిందట డాక్టరుకి.

జనవరి 7, బుధవారం

పండగ సెలవులకి ముందు లెక్క తేలింది. ఇంకా కిరీటం రానివాళ్ళు ముగ్గురు. ప్రసాద్ గారు ఫ్లెక్సీకి ఆర్డర్ ఇచ్చేశారు. 'మా బడిలో అందరూ చదువరులే' అని రాయిస్తున్నారట. ఆ 'అందరూ' అన్న మాట తీసేయమన్నాను. పాజిటివ్‌గా ఉండండి టీచర్ అన్నారు.

జనవరి 28, బుధవారం

ఫరీద్ ఇవాళ చదివాడు. చెమటలు కారుతూ, వేలు పెట్టుకుని, ఒక్కో మాటా తవ్వి తీసినట్టు. చివరి మాట అవగానే ఏడ్చాడు. నాకూ కళ్ళు తడిశాయి. ఈ గంట మాత్రం నేనే కొట్టాను.

నిన్న ఇంకో పిల్లకి వచ్చింది. మిగిలింది మహేశ్వరి ఒక్కతే. ఫరీద్‌కి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అదే.

ఫిబ్రవరి 3, మంగళవారం

పిచ్చిదాన్ని నేను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నిలబడి ఉన్నాను. ఫోన్ క్లాసులో టేబుల్ మీద మర్చిపోయి, తెమ్మని మహేశ్వరిని పంపాను. ఫోన్ పట్టుకుని పకపకా నవ్వుకుంటూ వచ్చింది.

"టీచర్, మీ సారు కంది కప్ప అరకిలో తెమ్మంటన్నాడు."

మా ఆయనకి నరసరావుపేటలో విత్తనాల కొట్టుంది. టైపు చెయ్యడం బద్ధకం. ఫోన్‌లోకి మాట్లాడతారు, అది దానికి తోచిన తెలుగు రాసి పంపిస్తుంది. కందిపప్పుని కంది కప్ప చేసింది. జాన్‌బీ నవ్వింది, నేనూ నవ్వాను. కప్పని చారు పెట్టాలా వేపుడు చెయ్యాలా అని పిల్లలంతా గోల.

సాయంత్రం ఫ్రీ బస్సులో నిలబడటానికే చోటు లేదు. ఒక కాలి మీద, రాడ్ పట్టుకుని వేలాడుతున్నాను. సగం దూరం వచ్చాక తట్టింది.

ఆ మెసేజ్ చదివింది ఎవరు?

ఫిబ్రవరి 4, బుధవారం

పొద్దున్నే బోర్డు మీద 'కప్ప' అని రాశాను. మహేశ్వరిని లేపాను. చూసింది. తల అటు వంచింది, ఇటు వంచింది. 'కాకి' టీచర్ అంది.

తర్వాత 'ఇవాళ గుడ్డు లేదు' అని రాశాను. క్లాసంతా ఒక్కసారి ఉసూరుమంది. మహేశ్వరి పక్కవాళ్ళ మొహాలు చూసి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఉసూరుమంది. నాటకాల వాళ్ళు దీని దగ్గర నేర్చుకోవాలి.

రాత్రి మా ఆయన కందిపప్పు ఏదీ అన్నారు. తేలేదన్నాను.

ఫిబ్రవరి 5, గురువారం, మధ్యాహ్నం 2.30

పిల్లలు బొమ్మలు గీసుకుంటున్నారు. ఇప్పుడే రాయాలి.

అన్నాలయ్యాక దాన్ని ఒక్కదాన్నే క్లాసులో ఉంచాను. పలక మీద 'నీ గౌను మీద తేలు' అని రాసి, ఏమీ మాట్లాడకుండా చూపించాను. ఎగిరి గంతేసింది. గౌను దులుపుకుంది. వెనక్కి తిరిగి చూసుకుంది. అప్పుడు తెలిసింది దానికి, దొరికిపోయానని. అలాగే నిలబడిపోయింది, గౌను పిడికిట్లో పట్టుకుని.

మంచి పని కాదు నేను చేసింది. కానీ చేశాను.

కోపం ముందు వచ్చింది. నా మధ్యాహ్నాలు, నా చింతగింజలు, నా పాటలు. ఎన్నాళ్ళుగా అని అడిగాను. క్రిస్మస్ సెలవులకి ముందే మొత్తం వచ్చేసిందట. పుస్తకమంతా చదివేసిందట. పై క్లాసు పుస్తకం కూడా. కొట్టడానికి చెయ్యి లేచింది. కిందికి దించుకున్నాను. ఎందుకే ఇట్లా చేశావన్నాను.

"మాయమ్మకి చెప్పబాకండి టీచర్. చదువొస్తే మాచర్ల హాస్టల్లో ఏస్తారంట. రాకపోతే ఏయరంట."

మాచర్లలో ఒక హాస్టల్లో దీని మేనత్త వంట చేస్తుందట. మూడో తరగతికి అక్కడ చేర్పిస్తామని దసరాకి అమ్మా నాన్నా చెప్పారట. చదవడం వచ్చినవాళ్ళనే తీసుకుంటారు, నువ్వు బాగా చదివితే నీకే ఆ అదృష్టం అన్నారట. పెట్టె కూడా కొని మంచం కింద పెట్టారట. రోజూ ఆ పెట్టె చూస్తూ పడుకుంటుందట.

అమ్మకి చెప్పనని ఒట్టు వేయమంది. చెయ్యి చాపింది. నేను వెయ్యలేదు, కుదరదనీ అనలేదు. ముక్కు తుడుచుకోమని కర్చీఫ్ ఇచ్చాను.

ఏడేళ్ళ పిల్ల. ఇన్ని వారాల్లో ఒక్కసారి నోరు జారలేదు, ఆ కప్ప దగ్గర తప్ప. నేను ఒక చీర కొంటే సాయంత్రం దాకా దాచలేను.

ఫిబ్రవరి 7, శనివారం

ప్రసాద్ గారు తలుపు దగ్గరకి వేసి, గొంతు తగ్గించి మాట్లాడారు. ఫ్లెక్సీ వచ్చేసింది. ఎంఈఓ గారు వస్తామన్నారు. ఒక్క పిల్ల కోసం 'అందరూ' అబద్ధం కాకూడదు. మహేశ్వరికి చిన్న పేజీ ఒకటి కంఠతా పెట్టించండి టీచర్, పుస్తకం పట్టుకుని అప్పజెబుతుంది, ఎవరికి తెలుస్తుంది, వచ్చే ఏడు నిజంగా నేర్పిద్దాం అన్నారు.

చదవడం వచ్చిన పిల్లకి, చదువుతున్నట్టు నటించడం నేర్పాలట. నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నారన్నారు. తలనొప్పిగా ఉందన్నాను. నిజంగానే ఉంది.

ఫిబ్రవరి 11, బుధవారం

ఎవరికీ చెప్పకుండా బడి అవగానే బట్టీ దగ్గరికి వెళ్ళాను. మూడు రోజులు ఆలోచించే వెళ్ళాను. నేను ఒట్టు వెయ్యలేదని నాకు నేను చెప్పుకున్నాను.

బట్టీ దగ్గర గాలి కూడా తెల్లగా ఉంది. వేపచెట్టు ఆకుల మీద, బస్తాల మీద, మనుషుల మీద ఒకటే తెలుపు. ఆడవాళ్ళంతా ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని కాలిన సున్నం రాళ్ళు ఏరి బస్తాలకి ఎత్తుతున్నారు. ఎవరు స్వాతో గుర్తుపట్టలేకపోయాను. ఆమే నన్ను చూసి వచ్చింది. గుడ్డ తీస్తే మూతి చుట్టూ మాత్రం మనిషి రంగు. చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. కొబ్బరినూనె రాసుకుంటామంది, నేను అడగకుండానే.

చెప్పేశాను. మీ పిల్లకి చదవడం వచ్చు, ఎప్పుడో వచ్చింది, హాస్టల్‌కి పంపిస్తారని భయపడి రానట్టు నటిస్తోంది అన్నాను. స్వాతి బస్తా మీద కూర్చుంది. చేతిలోని గుడ్డ మడత పెట్టింది, మళ్ళీ విప్పింది. కొడతానంటుందేమో అనుకున్నాను. తిడుతుందేమో అనుకున్నాను.

"చదువు గురించి కాదు టీచర్. దగ్గు గురించి" అంది.

పిడుగురాళ్ళలో డాక్టరుకి చూపించారట. పిల్ల ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, ఈ దుమ్ములో ఉంచొద్దు అన్నాడట. ఎక్కడికి పంపాలి? వదినె ఒక్కతే ఉంది మాచర్లలో. జూన్‌లో పంపడం ఖాయమట. చదువు వచ్చినా రాకపోయినా.

మరి ఆ మాటే చెప్పొచ్చు కదా పిల్లకి అన్నాను. నా గొంతులో విసుగు నాకే వినబడింది.

"ఎట్టా చెప్పేది టీచర్? దుమ్ము మంచిది కాదు, నువ్వు పో అంటే, మరి నువ్వెందుకు ఉంటన్నావే అమ్మా అని అడగదా? అందుకని చదువొస్తే పంపిస్తాం అన్నాం. బహుమానం అనుకుంటదనుకున్నాం."

బహుమానం ఎట్లా ఇవ్వాలో నాకూ తెలుసు. అట్టలు కత్తిరించీ కత్తిరించీ చేతులు కాయలు కాచాయి.

నిజం మీరే చెప్పండి, నేను చెప్పలేను అన్నాను. రాత్రికి చెబుతానంది. లేచి మళ్ళీ గుడ్డ కట్టుకుంది.

ఫిబ్రవరి 12, గురువారం

మహేశ్వరి రాలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

కోటప్పకొండ తిరునాళ్ళకి ప్రభలు కదిలాయి. డ్రైవరు బస్సుని ఊరంతా చుట్టి తిప్పాడు. ఆలస్యంగా వెళ్ళి ప్రసాద్ గారి మొహం చూడాల్సి వచ్చింది.

మహేశ్వరి వచ్చింది. నా వైపు చూడలేదు. కిటికీ పక్క నుంచి లేచి వెనక బెంచీకి వెళ్ళి కూర్చుంది. హాజరు పిలిస్తే పలకలేదు. పక్కనున్న ఫరీద్, వచ్చింది టీచర్ అని చెప్పాడు. మధ్యాహ్నం దగ్గరికి పిలిచాను. రాకుండా వెళ్ళి జాన్‌బీ వెనక దాక్కుంది. దాని లెక్కలో నేను ఒట్టు తప్పాను. వెయ్యని ఒట్టు కూడా తప్పొచ్చని నాకిప్పుడే తెలిసింది.

ఫిబ్రవరి 16, సోమవారం

సాయంత్రం అందరూ వెళ్ళాక తలుపు దగ్గర నిలబడి ఉంది. నేను సంచి సర్దుకుంటున్నాను. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"దుమ్ముకి మాయమ్మకి దగ్గు రాదా టీచర్?"

చాక్‌పీసులు అయిపోయాయి తెస్తానుండమని ఆఫీసు గదిలోకి వెళ్ళాను. బల్ల మీద పెట్టెనిండా చాక్‌పీసులున్నాయి. నేను తిరిగి వచ్చేసరికి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 17, మంగళవారం

ప్రసాద్ గారికి చెప్పాను, అంతా కాదు. మహేశ్వరికి వచ్చు, కానీ స్టేజీ మీద చదువుతుందో లేదో నా పూచీ లేదు, కంఠతా మాత్రం పెట్టించను అన్నాను. ఆయన నమ్మలేదు. నేను నేర్పలేక కథ చెబుతున్నానని అనుకున్నారు. మొహంలో కనబడింది. బెలూన్లు ఊదే పంపు కొన్నారా అని అడిగారు.

ఫిబ్రవరి 21, శనివారం, రాత్రి

ఒళ్ళంతా నొప్పులు. వరసగా రాస్తాను.

తొమ్మిదింటికి ఫ్లెక్సీ కట్టారు. గాలికి ఒకవైపు ఊడి 'మా బడిలో అం' దాకానే కనబడింది. మళ్ళీ కట్టారు. తల్లిదండ్రులు బాగానే వచ్చారు. చెట్టు కింద కుర్చీలు చాలక కొందరు గోడ మీద కూర్చున్నారు. స్వాతి తలస్నానం చేసి, పసుపురంగు చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. చేతులు కొంగులో దాచుకుంది. అంకారావు టిప్పర్ రోడ్డు మీద ఆపి, గేటు దగ్గరే నిలబడ్డాడు.

పిల్లలందరూ కిరీటాలతో కూర్చున్నారు. మహేశ్వరి ఒక్కతే ఉత్త తలతో. ఒక్కొక్కరూ వచ్చి చదివారు. ఒక్కో గంట. వంశీ గడగడా. ఫరీద్ ఈసారి ఏడవకుండా. ఎంఈఓ గారు మంచి మనిషి, ప్రతి పిల్లనీ పేరు అడిగి తెలుసుకున్నారు.

చివర్న ప్రసాద్ గారు మైకులో మహేశ్వరి పేరు పిలిచారు. వద్దన్నట్టు చెయ్యి ఊపాను. ఆయన చూడలేదు, లేదా చూశారు. పిల్ల లేచి వచ్చింది. పుస్తకం తీసుకుంది. తెరిచింది. పేజీ మీదే కళ్ళు పెట్టి నిలబడింది.

ప్రసాద్ గారు మొదటి మాట చెవిలో అందించారు. పిల్ల పలకలేదు. రెండో మాట కూడా అందించారు. గోడ మీద ఎవరో నవ్వారు. గేటు దగ్గర అంకారావు తల దించుకున్నాడు. అప్పుడు మహేశ్వరి పుస్తకం మూసి మైకు దగ్గరికి జరిగింది.

"నాకు చదవడం వచ్చు. చదవను."

అంతే. ఏడుపు లేదు, పొగరు లేదు. టైము చెప్పినట్టు చెప్పింది.

ప్రసాద్ గారి చేతిలో గంట తాడు అలాగే ఉంది. స్వాతి లేచి వచ్చింది. అంతమంది ముందు, ఆ ఎర్రటి చేతులు రెండూ చాపి, పిల్లని చంకనెత్తుకుంది. ఏడేళ్ళ పిల్ల, కాళ్ళు తల్లి మోకాళ్ళ కిందికి వేలాడుతున్నాయి. నడుచుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయింది. అంకారావు వెనకే వెళ్ళాడు. టిప్పర్ స్టార్ట్ అయిన చప్పుడు వినబడింది.

ఎంఈఓ గారు ఫోన్ తీసి నన్ను దగ్గరికి పిలిచారు. పిల్లల చదువు నమోదు చేసే యాప్‌లో రెండే ఉన్నాయి టీచర్, వచ్చు, రాదు, ఏది నొక్కమంటారు అన్నారు. వచ్చు నొక్కండి సార్ అన్నాను. మీరు విన్నారా చదవగా అని అడిగారు. వినలేదు, చూశాను అన్నాను. ఆయన నా మొహంకేసి కాసేపు చూసి, నొక్కారు.

అందరూ వెళ్ళాక ప్రసాద్ గారు మెట్ల మీద కూర్చున్నారు. నిజంగా వచ్చా టీచర్ అని అడిగారు. అప్పుడు మొత్తం చెప్పాను, బట్టీ, దగ్గు, మంచం కింద పెట్టె, అన్నీ. బెలూన్లు ఒకటొకటే పేలుతున్నాయి ఎండకి. నేను కంఠతా పెట్టించమన్నానే అన్నారు. మిగిలిన లడ్డూలు జాన్‌బీ చేత బట్టీ వైపు ఇళ్ళకి పంపించారు. ఆయన మీద ఈ టర్మ్ అంతా నాకున్న చిరాకు సగం పోయింది. సగం ఉంది. స్టేజీ మీద ఆ మైకులో ఆ పేరు ఎందుకు పిలిచారో నాకింకా కోపమే.

ఫిబ్రవరి 24, మంగళవారం

మహేశ్వరి వస్తోంది. కిటికీ పక్కకి మళ్ళీ మారింది. చదవమని నేను అడగడం లేదు. అది చదవడం లేదు. రాయమంటే రాస్తోంది, తప్పులు లేకుండా. ఇద్దరం ఇట్లా రాజీపడ్డాం.

మార్చి 18, బుధవారం

ఒంటిపూట బడి. ఎండ దంచేస్తోంది. రేపు ఉగాది, ఇంట్లో ఒక్క పనీ కాలేదు.

పదకొండింటికి స్వాతి వచ్చింది, పని మానుకుని. టీసీ ఎప్పుడిస్తారని అడిగింది. నా మొహం చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది.

తనూ వెళుతోందట మాచర్ల. వదినె అడిగి పెట్టిందట, అదే హాస్టల్ వంటింట్లో రెండో మనిషిగా. జీతం బట్టీకంటే తక్కువేనట. వదినె వాళ్ళ వీధిలోనే ఒక గది చూసుకున్నారట. హాస్టల్ వద్దట, పిల్ల తల్లి దగ్గరే ఉండి పక్కనున్న బడికి నడిచి వెళుతుందట. అంకారావు టిప్పర్ మీదే ఉంటాడు, ఆదివారాలు వస్తాడు. అతనికి ఇష్టం లేదట. వారం రోజులు మాట్లాడలేదట. ఇల్లు రెండు చేస్తున్నావు అని ఒక్కటే మాటట. అందులో అబద్ధం కూడా లేదు అంది స్వాతి.

మరి ఎట్లా ధైర్యం చేశావన్నాను.

"నాకోసం ఇన్ని నెలలు నోరు మూసుకుంది టీచర్ ఆ పిల్ల. చానా కష్టం దానికి నోరు మూసుకోడం, మీకు తెలుసు కదా. నేను బట్టీ మానుకోలేనా."

వెళ్ళేటప్పుడు నవ్వింది. దగ్గు వచ్చి నవ్వు మధ్యలో ఆగింది.

ప్రసాద్ గారికి చెప్పాను. జూన్‌లో ఒకటి తగ్గుతుందన్నారు. అవునన్నాను. మంచిదేలెండి అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు. ఇద్దరం కాసేపు రోడ్డు మీద పోతున్న వ్యాన్లని చూస్తూ కూర్చున్నాం.

ఏప్రిల్ 9, గురువారం

కరెంటు లేదు. ఫ్యాన్ లేదు. వంశీ బడికి తొండని తెచ్చాడు. ఇంకేమీ రాయను.

ఏప్రిల్ 23, గురువారం

చివరి రోజు. పిల్లలంతా వెళ్ళిపోయారనుకున్నాను. వెనక కుళాయి దగ్గర టిఫిన్ బాక్సు కడుక్కుంటున్నాను. వెనక నుంచి చదువుతున్న గొంతు వినబడింది. లైబ్రరీ పుస్తకంలో కొంగ కథ. గట్టిగా, మధ్యమధ్య దగ్గుకుంటూ, ఆగిన చోటే మళ్ళీ అందుకుంటూ.

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆపేస్తుంది.

కుళాయి మాత్రం కట్టేశాను.